వెనుక చక్రాలకు పట్టు పెంచడం: 2005–2014 మస్టాంగ్ జీటీలో సస్పెన్షన్ భాగాలు మార్చే పద్ధతి

2005 నుంచి 2014 మోడల్ వరకు వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీ అమెరికాలో సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ సులువుగా దొరికే వీ8 కారు. డల్లాస్ చుట్టుపక్కలనో, న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసుకుంటూ, ఆఫీసుకు ఒక మామూలు కారు ఉంచుకుని, వారాంతం కోసం దీన్ని కొనుక్కున్న తెలుగువాళ్లూ ఉన్నారు. కొన్న కొత్తలో దాదాపు అందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. మొదటి గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే వెనుక చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, లేదా కారు వెనుక భాగమంతా దడదడమని అదురుతుంది. ఈ అదురునే వీల్ హాప్ అంటారు. ఆ అదురును ఆపి, ఇంజిన్ బలాన్ని రోడ్డు మీదికి దించడానికి వెనుక సస్పెన్షన్‌లో ఏ భాగాలను, ఏ వరుసలో, ఎలా మార్చుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. కారును రేసుకే అంకితం చేయకుండా, రోజూ రోడ్డు మీద నడుపుకునేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది.

ఏ కారు గురించి మాట్లాడుతున్నామో ముందుగా స్పష్టం చేసుకోవాలి. ఈ తరం మస్టాంగ్‌లో వెనుక చక్రాలు రెండూ ఒకే గట్టి యాక్సిల్‌కు బిగించి ఉంటాయి. ఆ యాక్సిల్‌ను ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టి ఉంచేవి కింద ఇరువైపులా ఉండే రెండు లోయర్ కంట్రోల్ ఆర్మ్‌లు, పైన డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు వెనుక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) మీద నుంచి ముందుకు వెళ్లే ఒక అప్పర్ లింక్. పక్కలకు కదలకుండా పట్టేది అడ్డంగా ఉండే పాన్‌హార్డ్ బార్. 1979 నుంచి 2004 వరకు వచ్చిన మస్టాంగ్‌లలో గట్టి యాక్సిల్ ఉన్నవాటికి నాలుగు ఆర్మ్‌ల అమరిక ఉండేది కనుక వాటి భాగాలు దీనికి సరిపోవు. 2015 నుంచి వెనుక సస్పెన్షన్ పూర్తిగా మారి, చక్రం దేనికది విడిగా కదిలే ఇండిపెండెంట్ పద్ధతి వచ్చింది. ఇండియాలో ఫోర్డ్ 2016లో అమ్మకానికి పెట్టిన మస్టాంగ్ ఆ కొత్త రకమే. హైదరాబాద్‌లో ఆ కారు ఉన్నవారు ఈ పద్ధతిని అనుసరించకూడదు. వారు చూసుకోవాల్సింది సబ్‌ఫ్రేమ్ బుష్‌లు, డిఫరెన్షియల్ బుష్‌లు (బుష్ అంటే భాగాలు కలిసే చోట కుదుపును మింగే రబ్బరు తొడుగు). పైగా ఇండియాలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చడం మీద పరిమితులున్నాయి.

లెక్క చూసుకున్నాకే కొనుగోలు

భాగాల జాబితా తెరిచే ముందు ఒక చిన్న లెక్క వేయండి. డబ్బు ఎక్కడ పెట్టాలో అదే చెబుతుంది.

2011 జీటీలోని 5.0 లీటర్ల ఇంజిన్ గరిష్ఠ టార్క్ 390 అడుగు-పౌండ్లు. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో మొదటి గేరు నిష్పత్తి 3.66, వెనుక యాక్సిల్ మామూలు నిష్పత్తి 3.31. మూడింటినీ గుణిస్తే యాక్సిల్ దగ్గర సుమారు 4,725 అడుగు-పౌండ్లు, అంటే 6,400 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తుంది. దారిలో 15 శాతం నష్టపోతుందనుకున్నా, డ్రైవర్‌తో కలిపి 1,720 కిలోలుండే ఈ కారును సుమారు 0.93 జీ (జీ అంటే భూమ్యాకర్షణ వల్ల కలిగే త్వరణం) వేగవృద్ధితో ముందుకు నెట్టడానికి ఆ టార్క్ చాలు. ఇక టైరు వైపు చూద్దాం. కారు ఆగి ఉన్నప్పుడు బరువులో 46 శాతం వెనుక ఉందనీ, బరువు కేంద్రం నేల నుంచి 53 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనీ అనుకుందాం. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 2.72 మీటర్లు. ఘర్షణ గుణకం 0.9 ఉన్న మామూలు టైరుతో, ముందు నుంచి వెనక్కి మళ్లే బరువును కూడా కలుపుకుని చూస్తే, జారకుండా సాధించగలిగేది దాదాపు 0.50 జీ. అంటే ఇంజిన్ ఇవ్వగలిగినదానిలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే రోడ్డును చేరుతుంది. అదే టైరు గుణకం 1.1 అయితే 0.64 జీ వస్తుంది.

ఈ లెక్కలో కంట్రోల్ ఆర్మ్‌ల ప్రస్తావన ఎక్కడా లేదని గమనించండి. వెనక్కి మళ్లే మొత్తం బరువు వేగవృద్ధి, బరువు కేంద్రం ఎత్తు, ఇరుసుల మధ్య దూరం మీదనే ఆధారపడుతుంది. ఏ కంపెనీ ఆర్మ్ బిగించినా ఆ మొత్తంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. సస్పెన్షన్ భాగాలు చేసేది వేరు. ఆ బరువు టైరును ఎంత త్వరగా చేరాలి, కుడి ఎడమలకు ఎంత సమానంగా పడాలి, పడ్డాక టైరు నేలను వదలకుండా ఎలా ఉండాలి అన్నవి వాటి చేతిలో ఉంటాయి. కాబట్టి అరిగిన టైర్లు ఉంచుకుని ఆర్మ్‌లు, బ్రాకెట్లు కొనడం నా దృష్టిలో వృథా ఖర్చు.

మొదటి దశ: టైర్లు, డిఫరెన్షియల్

టైరు పక్కన ముద్రించిన తయారీ తేదీ చూడండి. ఆ నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ట్రెడ్ ఎంత మిగిలి ఉన్నా, ఆరేడేళ్లు దాటిన టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గి ఉంటుంది. ఫ్యాక్టరీలో ఎక్కువగా వచ్చినవి 235 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు. వెనుక తొమ్మిదిన్నర అంగుళాల రిమ్ముకు 275 వెడల్పు టైరు వేసుకోవడం ఈ కారులో మామూలే అయినా, రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందన్న కొలత) సరిచూసుకోకపోతే టైరు లోపలి అంచు సస్పెన్షన్‌కు తగులుతుంది. మెత్తని రబ్బరుతో చేసే డ్రాగ్ రేడియల్ టైర్లు పొడి రోడ్డు మీద గొప్ప పట్టునిస్తాయి. వానలో మాత్రం నీటిని సరిగా తోయలేవు, పైగా త్వరగా అరుగుతాయి. హ్యూస్టన్ లాంటి చోట రోజూ నడిపే కారుకు వాటిని నేను సూచించను. వేసవికి తగిన మంచి పెర్ఫార్మెన్స్ టైరు చాలు. చలికాలంలో గడ్డకట్టే చలి ఉండే రాష్ట్రాల్లో అదీ పనికిరాదు, టైర్ల సెట్ మార్చుకోవాలి.

తర్వాత డిఫరెన్షియల్. ఫ్యాక్టరీ నుంచి వచ్చే ట్రాక్-లాక్ అనే లిమిటెడ్ స్లిప్ పరికరంలో (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందేలా చూసేది) క్లచ్ పలకలు ఉంటాయి, అవి వాడకంతో అరుగుతాయి. అరిగిపోతే బలమంతా పట్టు తక్కువున్న చక్రానికే పోతుంది. పరీక్షించడానికి ముందు చక్రాలకు అడ్డు పెట్టి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, వెనుక ఒక్క చక్రాన్ని మాత్రమే జాకీతో లేపి, దాన్ని టార్క్ రెంచ్‌తో తిప్పి చూడండి. తిరగడానికి ఎంత టార్క్ కావాలో మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్న విలువతో పోల్చండి. చేతితోనే సులువుగా తిరిగిపోతుంటే పలకలు మార్చే సమయం వచ్చినట్టే. నూనె మార్చినప్పుడు ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపడం మరిచిపోకండి. అది లేకపోతే మలుపుల్లో వెనుక నుంచి గుర్రుమనే శబ్దం వస్తుంది. ఇదే తరం మస్టాంగ్‌లో ప్రత్యేక రకమైన బాస్ 302లో కొన్నింటికి, 2013 నుంచి ట్రాక్ ప్యాకేజీ ఉన్న జీటీలకు టోర్సెన్ రకం వచ్చింది. అందులో క్లచ్ పలకలు లేవు కనుక ఈ పరీక్ష దానికి వర్తించదు.

రెండో దశ: కొలతలు రాసిపెట్టుకోవడం

ఒక్క బోల్టు కూడా విప్పకముందే చేయాల్సిన పని ఇది. దీన్ని దాటేసినవారికి చివర్లో ఏది బాగుపడిందో, ఏది చెడిందో చెప్పుకోవడానికి ఆధారం ఉండదు.

చదునైన నేల మీద, ట్యాంకులో సగం పెట్రోలు ఉంచి, డ్రైవర్ సీటులో మీ బరువుకు సమానమైన బరువు పెట్టి కొలవండి. నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు ఎత్తు తీసుకోండి. డిజిటల్ యాంగిల్ గేజ్‌ను లోయర్ ఆర్మ్ మీద పెట్టి దాని వాలు, డ్రైవ్ షాఫ్టు (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి బలం తెచ్చే కడ్డీ) వెనుక భాగం మీద పెట్టి దాని కోణం, పినియన్ (ఆ బలాన్ని డిఫరెన్షియల్‌లోకి తీసుకునే గేరు) ఫ్లాంజ్ మీద పెట్టి పినియన్ కోణం చూడండి. ఇరువైపులా ఫెండర్ అంచు నుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసి, టైరు ఆ దారానికి ఎంత లోపల ఉందో కొలవండి. ఆ రెండు కొలతలూ సమానంగా లేకపోతే యాక్సిల్ ఒక పక్కకు జరిగి ఉందన్నమాట. అదే సమయంలో లోయర్ ఆర్మ్‌ల రెండు చివరలా, అప్పర్ లింక్ దగ్గర, పాన్‌హార్డ్ బార్ దగ్గర ఉన్న రబ్బరు బుష్‌లను టార్చి వేసి చూడండి. రబ్బరు చీలి ఉన్నా, లోహం నుంచి విడిపోయి ఉన్నా వీల్ హాప్‌కు సగం కారణం అక్కడే దొరికినట్టు.

కారును స్ప్రింగులు మార్చి కిందికి దించి ఉంటే ఆర్మ్ వాలు మీద ఎక్కువ దృష్టి పెట్టండి. లోయర్ ఆర్మ్ ముందు చివర బాడీకి, వెనుక చివర యాక్సిల్‌కు బిగించి ఉంటుంది. ఒకటిన్నర అంగుళం దించిన కారులో బాడీతోపాటు ముందు చివర కూడా అంత మేరా దిగుతుంది, యాక్సిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దానితో ఆర్మ్ ముందువైపు వాలిపోతుంది. చక్రం ముందుకు తోసే బలం ఆర్మ్ పొడవునా ప్రయాణించి బాడీని చేరుతుంది కనుక, ఆర్మ్ ముందు చివర పైకి ఉంటే ఆ బలంలో కొంత భాగం బాడీని పైకి లేపుతూ, దానికి ప్రతిగా టైరును నేలకు అదుముతుంది. ముందు చివర కిందికి ఉంటే ఇదంతా తిరగబడుతుంది. కారు వెనుక భాగం చప్పున కూలబడి, టైరు మీద పడాల్సిన బరువు ఆలస్యంగా, అదీ స్ప్రింగుల ద్వారా చేరుతుంది. అందం కోసం కారు దించి, తర్వాత పట్టు తగ్గిందని ఇంజిన్‌ను నిందించేవారు ఈ ఒక్క కొలత తీసుకుంటే చాలు.

మూడో దశ: లోయర్ కంట్రోల్ ఆర్మ్‌లు

ఫ్యాక్టరీ ఆర్మ్‌లు రేకును వంచి చేసినవి, రెండు చివరలా మెత్తని రబ్బరు బుష్‌లు ఉంటాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ గొట్టం మొత్తం వెనక్కి తిరగాలని చూస్తుంది, అంటే పినియన్ ముక్కు పైకి లేవాలని చూస్తుంది. బుష్‌లు నలిగి దారి ఇస్తాయి, అంతలో టైరు జారి బలం తెగుతుంది, నలిగిన రబ్బరు యాక్సిల్‌ను వెనక్కి విసురుతుంది, టైరు మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటుంది. సెకనులో ఇది అనేకసార్లు జరిగితే వీల్ హాప్. చెవికి వినిపించే ఆ అదురు ఇబ్బంది మాత్రమే కాదు, యాక్సిల్ షాఫ్టులూ డిఫరెన్షియల్ పళ్లూ విరగ్గొట్టగలదు.

గొట్టంతో గానీ పెట్టె ఆకారంలో గానీ చేసిన గట్టి ఆర్మ్‌లు మార్కెట్లో చాలా ఉన్నాయి. ఎంపికలో అసలు విషయం ఆర్మ్ లోహం కంటే బుష్ రకం. రెండు చివరలా గట్టి పాలీయురేథేన్ బుష్‌లున్న ఆర్మ్ సూటిగా పరుగెత్తేటప్పుడు బాగుంటుంది. కానీ కారు మలుపు తిరిగేటప్పుడో, ఒక చక్రం గుంతలో పడ్డప్పుడో యాక్సిల్ బాడీతో పోలిస్తే పక్కకు ఒరగాలి, ఆ ఒరుగుకు ఆర్మ్ మెలిపడాలి. రెండు చివరలా మెలిపడే అవకాశం లేకపోతే సస్పెన్షన్ బిగదీసుకుపోతుంది, మలుపు మధ్యలో వెనుక భాగం హఠాత్తుగా జారుతుంది. అందుకే రోడ్డు కారుకు ఒక చివర పాలీ బుష్, మరో చివర అన్ని వైపులకూ కదిలే గుండ్రని బాల్ జాయింటు ఉన్న ఆర్మ్‌నే ఎంచుకోవాలని నా సలహా. రెండు చివరలా రాడ్ ఎండ్‌లు (రబ్బరు లేని లోహపు కీళ్లు) ఉన్నవి రేసు కార్లకు సరిపోతాయి. రోడ్డు మీద వాటి చప్పుడు కొద్ది నెలల్లోనే విసుగు పుట్టిస్తుంది. పొడవు మార్చుకునే సౌకర్యం లోయర్ ఆర్మ్‌లకు ఈ స్థాయిలో అవసరం లేదు. పొడవు స్థిరంగా ఉన్నవి చవక, పైగా రెండు పక్కలా తేడా వచ్చి యాక్సిల్ వంకరపడే ప్రమాదం ఉండదు.

పని మొదలుపెట్టే ముందు ముందు చక్రాలకు రెండువైపులా అడ్డు చెక్కలు పెట్టండి. వెనుక చక్రాలు పైకి లేచాక హ్యాండ్‌బ్రేక్ కారును ఆపలేదు. ర్యాంపులు గానీ, నాలుగు చక్రాల మీదే కారును లేపే లిఫ్టు గానీ దొరికితే మరీ మంచిది, బరువు చక్రాల మీదే ఉండి యాక్సిల్ సరైన ఎత్తులో నిలుస్తుంది. జాకీ స్టాండ్లతోనే చేయాల్సి వస్తే స్టాండ్లను బాడీ కింద మాన్యువల్ చూపిన చోట పెట్టి, యాక్సిల్ కింద వేరే జాకీని ఆనించండి. జాకీ ఒక్కదానినే నమ్ముకుని కారు కిందికి దూరకండి.

ఒకసారికి ఒక్క ఆర్మే విప్పండి. రెండో ఆర్మ్, అప్పర్ లింక్ బిగించి ఉంటే యాక్సిల్ కదలదు, కొత్త ఆర్మ్ రంధ్రాలు దాదాపు నేరుగా కుదురుతాయి. ముందుగా బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టి కొంతసేపు వదిలేయండి. ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనుక అక్కడి కార్లలో బోల్టు బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోయి ఉండవచ్చు. ఆర్మ్‌కు గానీ దాని పక్కన గానీ బ్రేకు కేబుల్, ఏబీఎస్ తీగ క్లిప్పులు ఉంటే ముందే విడదీయండి. బోల్టు తీశాక రంధ్రం ఓ పక్కకు జరిగితే యాక్సిల్ కిందున్న జాకీని కొద్దిగా ఎత్తడమో, రాచెట్ స్ట్రాప్‌తో యాక్సిల్‌ను ముందుకు లాగడమో చేస్తే కుదురుతుంది. సుత్తితో బోల్టును కొట్టి ఎక్కించకండి. పాలీ బుష్‌లకు కంపెనీ ఇచ్చిన గ్రీజే రాయండి, మామూలు పెట్రోలియం గ్రీజు చాలదు. నట్లను చేతి బిగువు వరకే బిగించి వదిలేసి, చక్రాల మీద కారు పూర్తి బరువు పడ్డాక టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో చెప్పిన మేరకు బిగించండి. రబ్బరు బుష్ ఉన్న ఏ భాగానికైనా ఈ నియమం తప్పనిసరి. వేలాడుతున్న స్థితిలో బిగిస్తే కారు దిగినప్పుడు రబ్బరు మెలిపడే ఉండి త్వరగా చీలిపోతుంది.

నాలుగో దశ: రిలొకేషన్ బ్రాకెట్లు

కారు ఫ్యాక్టరీ ఎత్తులోనే ఉంటే ఈ దశ వదిలేయవచ్చు. దించిన కారుకు మాత్రం డబ్బుకు తగ్గ ఫలితం ఎక్కువగా కనిపించేది ఇక్కడే. ఈ బ్రాకెట్ యాక్సిల్ వైపు ఆర్మ్ బిగించే చోటును కిందికి దించుతుంది, దానితో ఆర్మ్ వాలు మళ్లీ సరిపడుతుంది. చాలా బ్రాకెట్లలో రెండు మూడు రంధ్రాలు ఉంటాయి. ఆర్మ్ సమతలంగా గానీ, ముందు చివర కొద్దిగా పైకి గానీ ఉండేలా తగిన రంధ్రం ఎంచుకుని అక్కడితో ఆగండి.

ఇంకా కింది రంధ్రంలో పెడితే పట్టు ఇంకా పెరుగుతుందన్న ఆశ సహజమే. నిజానికి వాలు ఎక్కువైతే తొక్కిన క్షణంలో టైరు మీద బలమైన దెబ్బ పడి, మరుక్షణం బాడీ పైకి ఎగిరిపోయి టైరు తేలిపోతుంది. అంతకంటే ప్రమాదం బ్రేకు వేసినప్పుడు. అప్పుడు బలాల దిశ తిరగబడి, గట్టిగా బ్రేకు తొక్కితే వెనుక చక్రాలు గెంతుతాయి. ఫ్రీవే మీద అకస్మాత్తుగా ఆగాల్సి వచ్చినప్పుడు ఇది జరగకూడదు.

బోల్టులతో బిగించే బ్రాకెట్లు రోడ్డు వాడకానికి చాలు. వెల్డింగ్ కావాలనుకుంటే బ్యాటరీ తీగ విప్పి, పెట్రోలు ట్యాంకుకూ ఏబీఎస్ సెన్సర్లకూ వేడి తగలకుండా చూసే అనుభవజ్ఞుడితోనే చేయించండి.

ఐదో దశ: అప్పర్ లింక్, పినియన్ కోణం

పై రెండు దశల తర్వాత కారు నడిపి చూడండి. వీల్ హాప్ పోయి ఉంటే, రోజూ కుటుంబంతో తిరిగే కారుకు ఇక్కడితో ఆగమంటాను. అప్పర్ లింక్ నేరుగా డిఫరెన్షియల్ మీద కూర్చుంటుంది, గట్టి బుష్ వేస్తే గేరు పళ్ల ఊళ శబ్దం నేరుగా సీట్ల కిందికి చేరుతుంది. హాప్ ఇంకా మిగిలి ఉన్నా, కారు దించడం వల్ల పినియన్ కోణం తప్పినా మార్చక తప్పదు. అప్పుడు పొడవు సర్దుకునే లింక్ కొనండి. 2005–2010 కార్లకూ 2011–2014 కార్లకూ ఈ లింక్ వేరు, ఆర్డరు పెట్టేటప్పుడు సంవత్సరం సరిచూసుకోండి.

ఈ పనికి వెనుక సీటు కింది దిండు తీయాల్సి వస్తుంది. పెట్రోలు ట్యాంకు యాక్సిల్‌కు ముందే ఉండటం వల్ల చెయ్యి పట్టే చోటు తక్కువ, అందుకని ట్యాంకు ఖాళీగా ఉన్న రోజు పెట్టుకోండి. లింక్ విప్పేముందు పినియన్ కింద జాకీ ఆనించండి. లేకపోతే బోల్టు జారగానే యాక్సిల్ తిరిగి, బ్రేకు గొట్టం మీద లాగుడు పడుతుంది.

బిగించాక కోణం సరిచేయాలి. బలం పడ్డప్పుడు పినియన్ ముక్కు పైకి లేస్తుంది కనుక, కారు ఆగి ఉన్నప్పుడు దాన్ని డ్రైవ్ షాఫ్టు కంటే కొద్దిగా కిందికి చూసేలా ఉంచుతారు. పాలీ లేదా బాల్ జాయింట్లున్న రోడ్డు కారుకు ఒకటి నుంచి రెండు డిగ్రీల తేడా సరిపోతుంది. ఫ్యాక్టరీ డ్రైవ్ షాఫ్టు రెండు ముక్కలుగా, మధ్యలో బేరింగుతో ఉంటుంది. పోల్చాల్సింది దాని వెనుక ముక్క కోణంతోనే. లింక్ పొట్టి చేస్తే డిఫరెన్షియల్ పై భాగం ముందుకొచ్చి ముక్కు కిందికి దిగుతుంది, పొడవు చేస్తే ముక్కు పైకి లేస్తుంది. సరిచేసిన తర్వాత లాక్ నట్టు బిగించడం మరవకండి. ఫ్రీవే వేగంలో ఒక స్థిరమైన వణుకు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఈ కోణాన్నే.

ఆరో దశ: పాన్‌హార్డ్ బార్, డ్యాంపర్లు, స్టెబిలైజర్ బార్

పాన్‌హార్డ్ బార్ గురించి చెప్పాల్సింది కొంచెమే. కారు దించినప్పుడు యాక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది, పొడవు సర్దుకునే బార్ వేసి మధ్యకు తేవాలి. గుండు దారంతో తీసిన కొలతల తేడాలో సగం మేరకు జరిపితే చాలు. ఈ సర్దుబాటు కారు నేల మీద ఉన్నప్పుడే చేయాలి. వేగవృద్ధికి దీనివల్ల లాభం స్వల్పం, పెద్ద టైర్లు లోపలి భాగాలకు రాసుకోకుండా ఉండటమే అసలు ప్రయోజనం.

డ్యాంపర్ల (షాక్ అబ్జార్బర్ల) విషయంలో మాత్రం తొందరపడకూడదు. నూనె కారుతున్న, లక్ష మైళ్లు దాటిన పాత డ్యాంపర్లు ఉంటే వాటిని ఆర్మ్‌లకంటే ముందే మార్చాలి, ఎందుకంటే హాప్‌ను అణచాల్సిన పని వాటిదే. కొత్తవి సర్దుబాటు ఉన్నవి తీసుకుంటే మంచిది. మధ్యలో మొదలుపెట్టి, తొక్కగానే వెనుక భాగం బాగా కూలబడుతుంటే అణిగే దిశలో గట్టిపరచండి, టైరు మొదట పట్టి వెంటనే వదిలేస్తుంటే సాగే దిశలో గట్టిపరచండి. రెండు డ్యాంపర్లూ విప్పాక యాక్సిల్‌ను ఎక్కువ కిందికి వేలాడనీయకండి. స్ప్రింగులు చోటు నుంచి జారిపడతాయి, బ్రేకు గొట్టం తెగే ప్రమాదం ఉంటుంది.

ఇక కుడి చక్రం సంగతి. గట్టి యాక్సిల్ ఉన్న కారు జారినప్పుడు రోడ్డు మీద కుడి చక్రం గుర్తే ఎక్కువ నల్లగా పడుతుంది. డ్రైవ్ షాఫ్టు తిరుగుడు బలం యాక్సిల్ ఎడమవైపును నేలకు అదిమి, కుడివైపును లేపడమే దానికి కారణం. అదే బలం ఎదురు దిశలో బాడీని కుడివైపు ఒరిగిస్తుంది. ఆ ఒరుగును వెనుక స్ప్రింగులు, వెనుక స్టెబిలైజర్ బార్ (బాడీ ఒరుగును తగ్గించే అడ్డ కడ్డీ) ఎంత ఎక్కువ భరిస్తే కుడి వెనుక చక్రానికి అంత బరువు తిరిగి దక్కుతుంది. ముందువైపు భరించిన భాగం మాత్రం వెనుక చక్రానికి నష్టమే. వెనుక కాస్త గట్టి బార్ వేస్తే సూటి పరుగులో లాభం కనిపించడం ఇందువల్లనే. అయితే మరీ గట్టి బార్ వేస్తే తడి మలుపులో వెనుక భాగం తిరిగిపోతుంది కనుక ఒక మెట్టుకు మించి వెళ్లవద్దు. కుడి స్ప్రింగు లోపల చిన్న గాలి సంచి అమర్చి, డ్రాగ్ స్ట్రిప్‌లో (సూటి పరుగు పందేల ట్రాకులో) మాత్రమే దానికి గాలి ఎక్కించుకోవడం మరో మార్గం, అది చవక కూడా. ముందు బార్ విప్పేసి రోడ్డు మీద తిరిగేవారిని అనుసరించకండి. ఒక అడ్డం వచ్చిన బండిని తప్పించాల్సిన క్షణంలో ఆ కారు చెప్పినట్టు వినదు.

ఏడో దశ: పరీక్ష

ఇదంతా వీధిలో పరీక్షించవద్దు. ట్రాఫిక్ సిగ్నళ్ల దగ్గర పరుగు పందెం పెడితే చాలా రాష్ట్రాల్లో కారు జప్తు చేసే చట్టాలున్నాయి, వీసా మీద ఉన్నవారికి కేసు పడితే దాని పరిణామాలు అక్కడితో ఆగవు. వారంలో ఒక సాయంత్రం మామూలు కార్లను రానిచ్చే డ్రాగ్ స్ట్రిప్‌లు ఉన్నాయి. డల్లాస్‌కు దక్షిణాన ఎనిస్‌లో 1986లో తెరిచిన టెక్సస్ మోటార్‌ప్లెక్స్ ఉంది. న్యూజెర్సీలో ఇంగ్లిష్‌టౌన్ స్ట్రిప్ 2018లో, అట్కో స్ట్రిప్ 2023లో మూతపడ్డాయి కనుక అక్కడివారికి పక్క రాష్ట్రమైన పెన్సిల్వేనియాలోని మేపుల్ గ్రోవ్ ఒక మార్గం. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘమైన ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధన ప్రకారం పావు మైలు 13.99 సెకన్లలో గానీ అంతకంటే వేగంగా గానీ పరుగెత్తే కారుకు హెల్మెట్ తప్పనిసరి, ఆరోగ్యంగా ఉన్న 5.0 జీటీ ఆ పరిధిలోకే వస్తుంది.

స్ట్రిప్‌లో ఇచ్చే చీటీలో మీరు చూడాల్సింది చివరి వేగం కాదు, మొదటి 60 అడుగులకు పట్టిన సమయం. చివరి వేగం ఇంజిన్ బలాన్ని చెబుతుంది, మొదటి 60 అడుగులు వెనుక సస్పెన్షన్ పనిని చెబుతాయి. ఒకే గాలి ఒత్తిడితో, ఒకే ఆర్‌పీఎమ్‌తో కనీసం మూడు పరుగులు తీసి సగటు చూడండి. తర్వాత ఒక్క సర్దుబాటు మాత్రమే మార్చి మళ్లీ మూడు తీయండి. బ్రాకెట్ రంధ్రం, డ్యాంపర్, టైరు గాలి మూడూ ఒకేసారి మారిస్తే ఫలితం దేనివల్లనో తేలదు. డ్రాగ్ రేడియల్ టైర్లున్నవారు అక్కడ గాలి తగ్గించి పరుగు తీసినా, తిరుగు ప్రయాణానికి ముందు తలుపు పక్క చీటీలో ఉన్న ఒత్తిడికి నింపుకోవాలి. ఒక స్నేహితుణ్ణి పక్క నుంచి వెనుక చక్రాన్ని వీడియో తీయమనండి. నెమ్మదిగా ఆడించి చూస్తే టైరు పక్క గోడ ముడతపడి నిలిచిందో, గెంతిందో, ఫెండర్ అంచు పైకి వెళ్లిందో కిందికి వచ్చిందో స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటి వంద మైళ్ల తర్వాత ప్రతి బోల్టునూ మళ్లీ టార్క్ రెంచ్‌తో సరిచూడండి. బిగించినప్పుడే నట్టు మీద, దాని పక్క లోహం మీద కలిసేలా పెయింట్ గీత గీసి ఉంచితే, ఆ తర్వాత నూనె మార్చే ప్రతిసారీ కింద పడుకుని ఒకసారి చూస్తే సరిపోతుంది. పాలీ బుష్‌లు కిర్రుమంటే గ్రీజు పెట్టండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ వెనుక నుంచి టక్కుమని ఒక్క శబ్దం వస్తే ఏదో ఒక బోల్టు వదులైనట్టే, సరిచూడకుండా కారు కదపకండి.